పిల్లలతో ఆగ్రా ఎలుగుబంట్ల సంరక్షణ కేంద్రానికి వెళ్ళొచ్చా?

నమస్కారమండి. జనవరిలో కుటుంబంతో ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ చూడబోతున్నామని రాశారు. పాపకు ఆరేళ్ళు, బాబుకు పదకొండు, అత్తగారు కూడా వస్తున్నారు. ఆగ్రా దగ్గర ఎలుగుబంట్ల కేంద్రం, మధుర వైపు ఏనుగుల కేంద్రం ఉన్నాయని విన్నారు. పిల్లలు భయపడతారేమో, ఏడుస్తారేమో, జంతువుల్ని దగ్గరగా చూడనిస్తారో లేదో, ఒక పూట దానికి ఇవ్వొచ్చో లేదో అని మీ సందేహం.

వెళ్ళండి. ఒక పూట ఇవ్వదగ్గ చోటే. కాకపోతే ముందే బుక్ చేసుకుని వెళ్ళాలి. ఇంకోటి, ఇది జూ కాదని, ముట్టుకోవడం, తినిపించడం, సెల్ఫీలు ఉండవని పిల్లలకు ఇంట్లోనే చెప్పి తీసుకెళ్ళాలి. రెండు కేంద్రాల్లో ఒకదానికే వీలుంటే మీ పాప వయసును బట్టి ఎలుగుబంట్ల కేంద్రాన్ని ఎంచుకోమంటాను. కారణం కింద చెప్తాను.

నేను పశువైద్యుణ్ణి. జూలో పనిచేశాను, సర్కస్‌ల నుంచి తెచ్చిన సింహాలు, పులులకు వైద్యం చేశాను. ఇప్పుడు స్కూలు పిల్లల్ని, తెలిసిన కుటుంబాల్ని ఇలాంటి చోట్లకు తీసుకెళ్తుంటాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు ఆ ఎలుగుబంట్లు అక్కడికి ఎలా వచ్చాయో మీకు తెలియాలి. పెద్దవాళ్ళకు తెలియకుండా పిల్లల్ని తీసుకెళ్తే అక్కడ వాళ్ళు అడిగేవాటికి జవాబు దొరకదు. మన చిన్నప్పుడు సంతల్లో, రైల్వే స్టేషన్ల బయట ముక్కుకు తాడు కట్టిన ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు గుర్తున్నారు కదా. ఎలుగుబంటి వెంట్రుకను తాయెత్తులో పెట్టి పిల్లల మెడలో కట్టేవాళ్ళు కూడా. ఆ ఎలుగుబంటిని పసిగుడ్డుగా ఉన్నప్పుడే అడవిలో పట్టేవాళ్ళు. తల్లి ఊరికే వదలదు కాబట్టి చాలాసార్లు తల్లిని చంపేసేవాళ్ళు. కొన్ని నెలలు నిండగానే ఎర్రగా కాల్చిన ఇనుప సూదితో మూతి మీద బెజ్జం చేసి తాడు ఎక్కించేవాళ్ళు. మత్తుమందు ఏమీ ఉండదు. కోరపళ్ళు విరగ్గొట్టేవాళ్ళు. తాడు లాగితే ఆ పుండు మీద నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి అది కాళ్ళెత్తి ఎగురుతుంది. మనం చప్పట్లు కొట్టి డబ్బులేసింది ఆ ఎగురుడుకే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరమే. అయినా కొన్ని దశాబ్దాలు సాగింది, ఎందుకంటే పట్టుకున్న ఎలుగుబంటిని ఎక్కడ పెట్టాలి, దాన్నే నమ్ముకున్న కుటుంబం ఏం తిని బతకాలి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు లేదు. వన్యప్రాణుల్ని కాపాడే వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. సంస్థను 1995లో కార్తీక్ సత్యనారాయణ్, గీతా శేషమణి మొదలుపెట్టారు. వాళ్ళు ఆ రెండిటినీ కలిపి చూశారు. ఉత్తరప్రదేశ్ అటవీశాఖతో కలిసి ఆగ్రా-మధుర రోడ్డు మీద కీఠం చెరువు దగ్గర, సూర్ సరోవర్ పక్షుల అభయారణ్యంలో ఈ కేంద్రం పెట్టారు. 2002 చివర్లో మొదటి ఎలుగుబంట్లు వచ్చాయి. దేశం మొత్తం మీద 600కు పైగా ఆటాడించే ఎలుగుబంట్లను తెచ్చారు. చివరిది రాజు అనే ఎలుగుబంటి, 2009 డిసెంబరులో బెంగళూరు దగ్గరి బన్నేర్‌ఘట్ట కేంద్రానికి చేరింది. నేపాల్‌లో దొరికిన రంగీలాను కూడా తర్వాత ఆగ్రాకే తెచ్చారు.

ఈ కేంద్రాన్నే ముందు చూడమనడానికి కారణం ఇదే. ఇది చాలావరకు ముగిసిన కథ. ఆరేళ్ళ పాపకు 'ఇలా చేసేవాళ్ళు, ఇప్పుడు దాదాపుగా ఆగిపోయింది, ఇవి ఇక్కడ హాయిగా ఉన్నాయి' అని అబద్ధం లేకుండా చెప్పొచ్చు. ఏనుగుల విషయంలో ఆ మాట చెప్పలేం. ఏనుగు సవారీలు, రోడ్డు మీద ఏనుగుతో అడుక్కోవడం ఇంకా నడుస్తున్నాయి. మీ బాబు దాన్ని అర్థం చేసుకోగలడు. పాపకు ఇంకో రెండేళ్ళు ఆగొచ్చు. టైమ్ ఉంటే రెండూ చూడండి, ఒకే దారిలో ఉన్నాయి. ఒకటి ఆగ్రాకు దగ్గర, ఇంకోటి మధుర జిల్లాలో ఫరా దగ్గర చుర్మురాలో.

పిల్లలు అక్కడ అడిగే మొదటి ప్రశ్న: 'బాగయ్యాయి కదా, అడవిలో ఎందుకు వదలరు?' ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు సూటిగా చెప్పండి. పళ్ళు లేవు. చాలావాటికి చూపు మందగించింది, కొన్నిటికి పూర్తిగా పోయింది. ఎలుగుబంటి పిల్ల రెండేళ్ళకు పైగా తల్లి వీపు మీద, తల్లి వెనక తిరిగి చెదపుట్ట ఎలా తవ్వాలో, ఏ కాలంలో ఏ చెట్టు కిందికి పోవాలో నేర్చుకుంటుంది. వీటికి ఆ రెండేళ్ళూ లేవు. పైగా మనిషంటే భయం పోయిన ఎలుగుబంటిని అడవిలో వదిలితే నేరుగా ఊళ్ళోకే వస్తుంది. శ్రీకాకుళం ఉద్దానం వైపు బంధువులుంటే అడగండి. జీడితోటల్లోకి ఎలుగుబంటి వస్తే మనుషులకూ దానికీ ఎంత ప్రమాదమో వాళ్ళకు తెలుసు.

అందుకే రక్షించడం వేరు, తిరిగి అడవికి పంపడం వేరు. మాంజా చుట్టుకున్న గద్దకు రెక్క అతికితే ఎగరేస్తాం. ఇంట్లో దూరిన పామును తీసి దగ్గరి పొదల్లో వదుల్తాం. సర్కస్ సింహం, ఆటాడిన ఎలుగుబంటి, నలభై ఏళ్ళు గొలుసుతో ఉన్న ఏనుగు మాత్రం చివరిదాకా మన బాధ్యతే. ఈ తేడాను మీ బాబుకు అక్కడే, ఆ ఎలుగుబంటిని చూపిస్తూ చెప్పండి. పుస్తకంలో చదివినదానికన్నా బాగా నిలుస్తుంది.

రెండో ప్రశ్నకు కూడా సిద్ధంగా ఉండండి. కొన్ని ఎలుగుబంట్లు నిలబడిన చోటే తల అటూ ఇటూ ఊపుతుంటాయి, లేదా ఒకే గీత మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంటాయి. 'అమ్మా, అది ఇంకా డాన్స్ చేస్తోంది' అంటారు పిల్లలు. అది డాన్స్ కాదు. ఏళ్ళ తరబడి కట్టేసిన జంతువు మనసుకు అంటుకున్న అలవాటు. నేను వైద్యం చేసిన ఒక సర్కస్ సింహం, ఎకరాల ఆవరణలోకి వదిలినా చాలాకాలం తన పాత బోను కొలతలోనే తిరిగేది. నాలుగడుగులు వేసి మలుపు తిరిగేది, అక్కడ గోడ లేకపోయినా. మెల్లగా ఆ గీత పెద్దదైంది. పూర్తిగా పోలేదు. ఈ అలవాటు తగ్గించడానికే కేంద్రంలో మొద్దులకు రంధ్రాలు చేసి తేనె పూస్తారు, ఊయల మంచాలు కడతారు, నీటి గుంటలు తవ్వుతారు, ఎండాకాలం పళ్ళు పెట్టి గడ్డకట్టించిన ఐసు ఇస్తారు. తిండి కోసం వెతికే పని కల్పిస్తే తల ఊపడం తగ్గుతుంది. పాపకు ఇంత చెప్పక్కర్లేదు. 'దానికి పాత టెన్షన్ ఇంకా పోలేదు, ఇక్కడ వాళ్ళు తగ్గిస్తున్నారు' అంటే చాలు.

ఏడుస్తారా అని అడిగారు. ఎలుగుబంట్లను చూసి ఏడ్చిన పిల్లలు నాకు తగల్లేదు. గాయాలు మానాయి, జంతువులు తింటూ, తవ్వుకుంటూ, నిద్రపోతూ కనిపిస్తాయి. ఇబ్బంది పెట్టేది ఫొటోలు, వీడియోలు. ఇలాంటి కేంద్రాల్లో మొదట పాత రోజుల వీడియో చూపించడం మామూలు. మూతికి బెజ్జం చేసే దృశ్యాలు చిన్నపిల్లలకు ఎక్కువైపోతాయి. మీలో ఒకరు పాపతో బయట ఉంటామని గైడ్‌కు ముందే చెప్పండి, వాళ్ళు అర్థం చేసుకుంటారు. బాబును మాత్రం చూడనివ్వండి. పదకొండేళ్ళ పిల్లవాడికి నిజం తట్టుకునే శక్తి ఉంటుంది. దాస్తే, మనం ఏదో దాస్తున్నామని వాళ్ళకు తెలిసిపోతుంది.

ఇంకొక్క మాట, ఇది నాకు చాలా ముఖ్యం. ఎలుగుబంట్లను ఆడించిన కలందర్లను పిల్లల ముందు దుర్మార్గులుగా చెప్పకండి. తరతరాలుగా అదొక్కటే తెలిసిన, చదువుకు దూరంగా ఉండిపోయిన పేద కుటుంబాలు. ఎలుగుబంటిని అప్పగించినవాళ్ళకు ఆటోలు, చిన్న దుకాణాలు, కుట్టుపని, నేతపని లాంటి బతుకుదారి చూపించారు, వాళ్ళ పిల్లల్ని బడికి పంపించారు. కొందరు ఈ కేంద్రాల్లోనే జంతువుల్ని చూసుకునే పనిలో ఉన్నారు. జంతువును కాపాడాలంటే దాని పక్కనున్న మనిషి అన్నం గురించి కూడా ఆలోచించాలి. ఆ ఆలోచన లేని చోట దాడి చేసి ఒక ఎలుగుబంటిని పట్టుకొస్తే, అడవి నుంచి ఇంకో పిల్లను తెచ్చుకునేవాళ్ళు.

దగ్గరగా చూడనిస్తారా? కొంత దూరం నుంచి చూస్తారు, గైడ్ వెంట ఉంటారు. ఎంత దూరమైతే అంత మంచి కేంద్రం అనుకోండి. ఎలుగుబంటి మందకొడిగా కనిపిస్తుంది గానీ మన దేశపు అడవుల్లో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచే జంతువుల్లో అదొకటి. ముందరి గోళ్ళు వేలంత పొడవుంటాయి, పుట్టలు తవ్వడానికి. ఒక పని చేయండి. అది తింటున్నప్పుడు పిల్లల్ని మాట్లాడకుండా వినమనండి. మన ఈ జాతి ఎలుగుబంటికి పైదవడలో మధ్య రెండు పళ్ళు ఉండవు. ముక్కుపుటాలు మూసుకుని, పెదాలు ముందుకు చాచి, ఆ సందులోంచి చెదపురుగుల్ని వాక్యూమ్ క్లీనర్‌లాగా పీల్చేస్తుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. మా స్కూలు పిల్లలు ఇంటికెళ్ళి ఆ చప్పుడునే అనుకరించి చూపిస్తారు.

దగ్గరికి వెళ్ళనివ్వకపోవడానికి ఇంకో కారణం రోగాలు. ఇంట్లో ఎవరికైనా దగ్గు, జలుబు, జ్వరం ఉంటే ఆ రోజు ప్రయాణం మానుకోండి. క్షయ మనుషుల నుంచి ఏనుగులకూ ఎలుగుబంట్లకూ వస్తుంది. ఆటాడించిన ఎలుగుబంట్లలో చాలావాటికి అలాగే అంటింది. మనం జంతువుకు భయపడతాం గానీ మనవల్ల జంతువుకున్న ప్రమాదం గురించి ఆలోచించం.

మధుర ఏనుగుల కేంద్రానికి వెళ్తే కాళ్ళు చూడండి. ఏనుగు మెత్తటి నేల మీద రోజంతా నడిచే జంతువు. తారురోడ్డు మీద ఏళ్ళ తరబడి నడిపిస్తే అరికాళ్ళు అరిగి, గోళ్ళు పగిలి, చీము పడుతుంది. అక్కడ సిబ్బంది చేసే పనిలో పెద్ద భాగం కాళ్ళను మందునీళ్ళలో నానబెట్టి, గోళ్ళు చెక్కడమే. అంకుశం గుచ్చిన చెవుల వెనక మచ్చలు కూడా కనిపిస్తాయి. కొన్నిటికి చూపు లేదు, ఒకదానికి ఒకటి తోడుగా నడుస్తాయి. 2018లో పక్కనే ఏనుగుల ఆస్పత్రి కట్టారు. అంత పెద్ద శరీరానికి ఎక్స్-రే తీయాలన్నా, పడిపోయినదాన్ని లేపాలన్నా మామూలు పశువైద్యశాలలో కుదరదు. పడుకున్న ఏనుగు ఎక్కువసేపు లేవకపోతే దాని బరువే ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది. వైద్యుడిగా నాకు అక్కడ అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆ ఆస్పత్రే.

మీరు తర్వాత జైపూర్ వెళ్తున్నారు కాబట్టి ఇది చెప్పాలి. ఆమేర్ కోట దగ్గర ఏనుగు ఎక్కమని అడుగుతారు. ఎక్కకండి. ఏనుగు వెన్నుపూసల మీద ఎముకలు పైకి పొడుచుకుని ఉంటాయి, వీపు గుర్రం వీపులా బరువు మోయడానికి తయారైనది కాదు. నడిచి ఎక్కొచ్చు, అత్తగారి కోసం జీపులున్నాయి. మధురలో ఆ కాళ్ళు చూసొచ్చాక పిల్లలే వద్దంటారు. మీ ప్రయాణంలో ఆగ్రా ముందు, జైపూర్ తర్వాత ఉండటం ఈ విధంగా కలిసొచ్చింది.

ఇప్పుడు 'రెస్క్యూ', 'శాంక్చురీ' అని బోర్డులు పెట్టుకున్న చోట్లు పర్యాటక ప్రాంతాల్లో చాలా వచ్చాయి. పేరు చూసి మోసపోకండి. నేను చూసేవి ఇవి. ఏనుగుకు స్నానం చేయించండి, తినిపించండి, ఫొటో దిగండి అని టికెట్టు పెడితే అది వ్యాపారం. మీరు సరదాగా ఒక్కసారి చేయించే స్నానం ఆ ఏనుగుకు రోజుకు చాలాసార్లు జరుగుతుంది, మాట వినడానికి పక్కన అంకుశం ఉండనే ఉంటుంది. ఎప్పుడు వెళ్ళినా బుల్లి జంతుపిల్లలు ఒళ్ళో పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాయంటే అక్కడ పెంచుతున్నారని అర్థం. నిజమైన సంరక్షణ కేంద్రం పిల్లల్ని పుట్టించదు. ఏ జంతువు ఎక్కణ్ణుంచి, ఎప్పుడు, ఏ స్థితిలో వచ్చిందని అడిగితే గైడ్ తడుముకోకుండా చెప్పాలి. ఒక ప్రైవేటు చోట నేను ఇదే అడిగితే నన్ను బయటికి పంపేశారు.

మన దగ్గర లేవా అంటే, ఉన్నాయి. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ప్రదర్శనలు చేయించడాన్ని నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అప్పుడు సర్కస్‌ల నుంచి వచ్చిన పులులు, సింహాల కోసం విశాఖపట్నం, తిరుపతి జూల దగ్గర కేంద్రాలు పెట్టారు. కానీ అవి సందర్శకుల కోసం కాదు, అలా ఉండటమే సరైంది. జీవితమంతా జనం ముందు గడిపిన జంతువుకు చివరి రోజుల్లో జనం కనిపించకుండా ఉండటమే వైద్యం. బెంగళూరులో ఉన్నవాళ్ళకు బన్నేర్‌ఘట్ట పార్కు దగ్గర. ఎలుగుబంట్ల కేంద్రం అక్కడే ఉంది, లోపలికి వెళ్ళాలంటే ముందే అడిగి తెలుసుకోవాలి. పార్కుకు మంగళవారం సెలవు.

ఇక ప్రయాణం సంగతి. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు కాబట్టి చాలామంది ఆ రోజు ఈ కేంద్రాలకు పెట్టుకుంటారు. బుక్ చేసేటప్పుడు ఆ రోజు సందర్శన ఉందో లేదో చూసుకోండి. జనవరిలో ఢిల్లీ-ఆగ్రా దారిలో పొగమంచు విపరీతం. తెల్లవారుజామున బయల్దేరవద్దు, ముందురోజే ఆగ్రా చేరుకోండి. చలికాలం ఎలుగుబంట్లు ఎండ కాచుకోవడానికి బయట పడుకుంటాయి, అందుకే ఎండాకాలం కన్నా బాగా కనిపిస్తాయి. సెంటు పూసుకోవద్దు, తినుబండారాలు కారులోనే ఉంచండి, అక్కడ కోతులున్నాయి. కీఠం చెరువు 2020లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. చలికాలం వలసపక్షులు వస్తాయి, ఇంట్లో బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్ళండి.

తిరిగొచ్చాక పిల్లలు 'మనమూ ఏదైనా చెయ్యాలి' అంటారు. ఒక ఎలుగుబంటి తిండి ఖర్చుకు డబ్బు పంపడం ఒక దారి. దానికన్నా ఇంట్లో, వీధిలో చేయగలిగింది ఎక్కువ. రామచిలుకను పంజరంలో పెంచడం నేరమని చాలామందికి తెలియదు. అదృష్టమని ఇంట్లో పెట్టుకునే నక్షత్ర తాబేలు కూడా అంతే. ఎవరింట్లోనైనా ఉంటే రోడ్డు మీద వదిలేయకుండా అటవీశాఖకు అప్పగించమని చెప్పండి. పంజరంలో పెరిగిన చిలుకను హఠాత్తుగా ఎగరేస్తే కాకులు చంపేస్తాయి. మీరు వెళ్ళేది జనవరిలో కాబట్టి, సంక్రాంతికి చైనా మాంజా (గాలిపటాల నైలాన్ దారం) కొనకూడదని మీ బాబే నిర్ణయం తీసుకోవచ్చు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని నిషేధించింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. పండగ తర్వాత చెట్లకు వేలాడే దారాన్ని తీసెయ్యడం పిల్లలు చేయగలిగిన మంచి పని. కొంగలు, గబ్బిలాలు, గద్దలు వారాల తర్వాత కూడా దానికి చిక్కుకుంటాయి.

ఇంకొకటి. వేసవిలో నేలమీద గెంతుతూ కనిపించే, ఈకలొచ్చిన పక్షిపిల్లను పిల్లలు జాలితో ఇంటికి తెస్తారు. అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదన్నది నిజం కాదు. పిల్లి అందుకోని కొమ్మ మీద పెట్టి పక్కకు వచ్చేస్తే చాలు. పాలు, నీళ్ళు నోట్లో పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. గాయం ఉంటే గాలి తగిలేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచి అటవీశాఖకో పక్షుల వైద్యం తెలిసినవాళ్ళకో ఫోన్ చేయండి.

మీ అత్తగారి గురించి: ఎలుగుబంట్ల కేంద్రంలో నడక ఉంటుంది గానీ ఎక్కువ కాదు, మెల్లగా నడిస్తే ఇబ్బంది ఉండదు. మోకాళ్ళ నొప్పులుంటే బుక్ చేసేటప్పుడే రాయండి. ఆవిడ చిన్నప్పుడు ఊళ్ళో ఎలుగుబంటి ఆట తప్పకుండా చూసి ఉంటారు. అప్పుడు ఎలా ఆడించేవాళ్ళో పిల్లలకు ఆవిడ చేతే చెప్పించండి, నా స్కూలు పిల్లలకు నేను చెప్పేదానికన్నా అది బాగుంటుంది. మీ తేదీలు ఖాయమయ్యాక రాయండి, ఆ వారం వాతావరణం చూసి ఏ పూట వెళ్తే మంచిదో చెప్తాను.